యూరపు బళ్లో ఇంగ్లీషు మేష్టారు

మా బందరులో వలందపాలెం అనే పేట ఒకటుంది. పరాసుపేట ఉంది. ఇంగ్లీషుపాలెం కూడా ఉంది. చిన్నతనంలో ఈ పేర్లు రోజుకు పదిసార్లు నా నోట నలిగేవేగాని, వాటి వెనక ఏముందో ఆలోచించిన పాపాన పోలేదు. 1605లో హాలెండు వర్తకులు బందరు రేవులో దిగారు. వాళ్లనే మనవాళ్లు వలందావాళ్లన్నారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. 1669లో పరాసులు, అంటే ఫ్రెంచివాళ్లు, వచ్చారు. అందరూ ముఖ్యంగా ఆశించింది మన అద్దకపు బట్టలనే. అయినా ఎవరి పేట వారిది, ఎవరి భాష వారిది. ఒకరి మాట ఒకరికి చేరవేసి, మధ్యన నాలుగు డబ్బులు చేసుకున్నవాళ్లు మన దుబాసీలు.

ఆ వలందావాళ్ల దేశంలోనూ, దాని చుట్టుపక్కలా ఇప్పుడొక పెద్ద చర్చ నడుస్తున్నది. యూరపులో పది ఊళ్లు దాటితే భాష మారుతుంది. తండ్రికి ఉద్యోగం మారితే పిల్లవాడికి బడి భాష మారిపోతుంది. ఇన్ని అవస్థలెందుకు, యూరపంతటికీ కలిపి ఇంగ్లీషునే చదువుల భాషగా పెట్టేసుకుంటే పోలేదా అని కొందరు. అమ్మో, కొంప మునుగుతుందని కొందరు. ఈ చర్చ 2024 వేసవిలో ఐండ్‌హోవెన్ అనే ఊళ్లో, మా అమ్మాయి యింట్లో, భోజనాల బల్ల మీదికి వచ్చింది. తీర్పు చెప్పమని నన్ను కూచోబెట్టారు.

నేను 34 ఏళ్లు జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయినవాణ్ణి. కల్లు దుకాణదారును పిలిచి మద్యనిషేధం మీద సలహా అడిగినట్టుంది వ్యవహారం.

సంగతేమిటంటే, మా మనవడికి ఆరేళ్లు. అంతవరకు బెంగుళూరులో ఇంగ్లీషు మీడియంలో అక్షరాలు దిద్దాడు. ఇప్పుడు వాణ్ణి ఇంగ్లీషులో చెప్పే అంతర్జాతీయ పాఠశాలలో వెయ్యాలా, వీధి చివర ఉన్న డచ్చి బళ్లో వెయ్యాలా?

"నువ్వే చెప్పు నాన్నా," అంది మా అమ్మాయి. "రెండేళ్లలో ఈయన్ని జర్మనీ వెళ్లమనవచ్చు. ఆ తరవాత ఐర్లండంటారో, ఫ్రాన్సంటారో. వీడు ఊరికో భాష నేర్చుకుంటూ కూచుంటే ఇక లెక్కలెప్పుడు నేర్చుకుంటాడు?"

అల్లుడు నెమ్మదస్థుడు. "ఆఫీసులో నాకు ఇంగ్లీషు చాలు మావయ్యగారూ. కాని సాయంత్రం వీధిలోకి వెళితే వీడితో ఆడుకునేవాళ్లుండాలి గదండీ," అన్నాడు.

నేను తడుముకోకుండా అమ్మాయి పక్షం తీర్పు చెప్పాను. కూతురని కాదు. ఊరుదాటి తిరిగేవాడికి అందరికీ తెలిసిన భాష ఒకటి చేతిలో ఉండాలన్నది నేను జీవితమంతా క్లాసులో చెప్పిన మాట. నా మాటకు యూరపు సాక్ష్యం పలుకుతున్నట్టే కనిపించింది కూడాను.

హాలెండులో నాకు భాషవల్ల ఇబ్బంది కలగలేదు. బస్సు నడిపేవాడికి ఇంగ్లీషు వచ్చు, రొట్టెల కొట్టు పిల్లకు వచ్చు, కాలవ గట్టున గాలం వేసుకు కూచున్న ముసలాయనకూ వచ్చు. 2012లో యూరపు సమాఖ్య జరిపించిన ఒక విచారణలో, హాలెండు జనంలో నూటికి 90 మంది ఇంగ్లీషులో సంభాషించగలమని చెప్పారు. సమాఖ్య మొత్తం మీద పరాయిభాషగా ఇంగ్లీషు మాట్లాడగలమన్నవారు నూటికి 38 మంది. ఈ రెండు అంకెలకూ మధ్య ఎంత దూరముందో నేను ముందు గమనించలేదు. హాలెండులోనూ స్కాండినేవియా దేశాల్లోనూ ఇంగ్లీషు సినిమాలకు, పెద్దవాళ్లు చూసే వాటికి, మాటలు మార్చరు. అడుగున తమ భాషలో అక్షరాలు వేస్తారు. జర్మనీ, ఇటలీ, స్పెయిన్ దేశాలవాళ్లు నటుల చేత తమ భాషే పలికిస్తారు. సాయంత్రాలు చూసిన బొమ్మలవల్ల కూడా ఒక దేశానికి భాష వస్తుందని చెబితే మన ఇనస్పెక్టర్లు ఒప్పుకునేవారు కారు.

ఇక పెద్ద చదువుల సంగతి. 1987లో ఎరాస్మస్ అనే పథకం పెట్టి, ఒక దేశపు విద్యార్థి మరొక దేశానికి వెళ్లి కొన్నాళ్లు చదువుకు రావడానికి వీలు కల్పించారు. 1999లో 29 దేశాల విద్యామంత్రులు ఇటలీలోని బొలోన్యాలో కూడి, డిగ్రీలన్నీ ఒక మూసలోకి తెద్దామని సంతకాలు చేశారు. ఆ పత్రంలో ఇంగ్లీషు మాట లేదు. కాని స్వీడను పిల్లా, గ్రీకు పిల్లవాడూ, మన గుంటూరు కుర్రాడూ ఒకే గదిలో కూచుంటే మేష్టారు ఏ భాషలో చెప్పాలి? చట్టం చేసినవారు లేరు, ఆజ్ఞ జారీ చేసినవారు లేరు. ఇంగ్లీషు తనంతట తానే వచ్చి కుర్చీ లాక్కుని కూచుంది. ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మాస్టర్సు చదువులన్నీ ఇంగ్లీషులోనే.

ఇందులో వింత ఒకటుంది. యూరపు సమాఖ్యకు మూలమైన సంఘం 1958లో తన అధికార భాషలు ప్రకటించినప్పుడు అవి నాలుగే: డచ్చి, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను. ఇంగ్లీషు లేనే లేదు. 1973లో బ్రిటను చేరాక వచ్చింది. ఇప్పుడు భాషలు 24 అయినాయి. 2020లో బ్రిటను సమాఖ్య వదిలి వెళ్లిపోయింది; ఇంగ్లీషు మాత్రం వెళ్లలేదు. అద్దెకున్నవాడు ఖాళీ చేసి పోతే, వాడి మంచం మీద ఇంటివాళ్లందరూ పడుకున్నట్టుంది.

పెద్దవాళ్లు కూడా నా పక్షానే ఉన్నారని తెలిసి మరీ పొంగిపోయాను. 2013 ఫిబ్రవరిలో జర్మను అధ్యక్షుడు యోఆకిం గౌక్ ఒక ప్రసంగంలో, యూరపు ప్రజలందరికీ ఉమ్మడిగా ఒక భాష ఉండాలి, అది ఇంగ్లీషయితే బాగుంటుందన్నాడు. ఇంట్లో మాతృభాష, అందులోని కవిత్వం ఉండనే ఉంటాయి, అన్ని పనులకూ సరిపడే ఇంగ్లీషు కూడా అందరికీ ఉండాలని ఆయన భావం. జర్మను అధ్యక్షుడే అన్న తరవాత ఇంకేం కావాలి? ఫిలిప్ వాన్ పారీస్ అని బెల్జియం తత్వవేత్త ఉన్నాడు. ఆయన 2011లో దీనిమీద పెద్ద గ్రంథమే రాశాడు. బీదవాడి గొంతు రాజ్యాల సరిహద్దులు దాటాలంటే వాడికి ఇంగ్లీషు రావాలి, అది ధనికుల సొత్తుగా ఉండకూడదు, కాబట్టి అందరికీ త్వరగా నేర్పమంటాడు. అయితే మనిషి న్యాయంగలవాడు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవారికి కష్టపడకుండా లాభం వస్తున్నది గనక, నేర్చుకునేవారి ఖర్చులో వారూ కొంత పెట్టుకోవాలంటాడు. జెనీవా ఆర్థికశాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా గ్రేన్ 2005లో ఫ్రెంచి ప్రభుత్వ విద్యాసంఘానికి ఇచ్చిన నివేదికలో ఈ లాభాన్ని లెక్కగట్టాడు. బ్రిటనుకు ఏటా 17, 18 వందల కోట్ల యూరోలు మిగులుతున్నాయని తేల్చాడు. ఆ సొమ్ములో నా 34 ఏళ్ల కష్టానికి ఏమైనా వాటా వస్తుందా అని అల్లుణ్ణి అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

* * *

మా అమ్మాయి పక్కింట్లో ఒక పెద్దమనిషి ఉండేవాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద. హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఇద్దరు రిటైరయిన మేష్టర్లు ఒకచోట పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దుకుంటూ కూచుంటారు. ఆయన ఇంగ్లీషు బాగానే మాట్లాడతాడు, కాని సరదాగా ఉన్నప్పుడే. కోపం వస్తే డచ్చిలోకి దిగిపోతాడు. నా తీర్పు సంగతి చెప్పగానే రెండు మాటలు డచ్చిలో అన్నాడు. నేను అర్థం అడగలేదు.

మరునాడు వచ్చి, "రేపు నాతో లైడెన్ రండి, మీకొక సమాధి చూపిస్తాను," అన్నాడు.

రైల్లో వెళుతూ ఆయన ఒక కాగితం మీద మాట రాసి చూపించాడు: విస్కుండె. గణితశాస్త్రానికి డచ్చి పేరు. యూరపులో అటు రష్యా నుంచి ఇటు పోర్చుగల్ దాకా దాదాపు అందరూ గ్రీకువాళ్ల దగ్గర తెచ్చుకున్న మాతమాతికా అనే పేరునే తలొక యాసతో పలుకుతారు. డచ్చివాళ్లకు మాత్రం సొంత మాట ఉంది. నిక్కమైనదాన్ని గురించిన విద్య అని దాని అర్థం. ఈ మాట చేసినవాడు సైమన్ స్టెవిన్, 1548లో బ్రూజెస్ పట్నంలో పుట్టినవాడు. దశాంశ భిన్నాలను యూరపులో వాడుకలోకి తెచ్చినవాడు ఆయనే. ఆ పుస్తకం 1585లో అచ్చయింది, డచ్చిలోనే. ఆనాడు చదువుకున్నవాడు శాస్త్రం రాయాలంటే లాటిన్‌లో రాయాలి. స్టెవిన్‌కు లాటిన్ రాక కాదు. వడ్రంగికీ, భూమి కొలిచేవాడికీ, గట్లు కట్టేవాడికీ అర్థం కావాలని డచ్చిలో రాశాడు. మాటలు లేకపోతే చేసుకున్నాడు. త్రిభుజాన్ని 'మూడుమూల' అన్నాడు, వ్యాసాన్ని 'నడిమిగీత' అన్నాడు. ఇవాళ హాలెండు పిల్లలు బళ్లో దిద్దే మాటలు ఇవే.

నాకు వెంటనే మన త్రిభుజమూ, వ్యాసమూ గుర్తుకు వచ్చాయి. 1968లో మన తెలుగు అకాడమీ పెట్టినప్పుడు కాలేజీ పాఠ్యపుస్తకాల కోసం ఇలాగే మాటలు చేశారు. వాటిని చూసి మేము స్టాఫు రూములో విరగబడి నవ్వాము. స్టెవిన్ మాటలకు కూడా ఆ రోజుల్లో ఎవరో నవ్వే ఉంటారు. నవ్వినవాళ్ల మనమలకు అవే మాటలు నోటికి వచ్చాయి. మన మాటలకు ఆ మనమలే దొరకలేదు.

లైడెన్‌లో పాత పీటర్స్ చర్చి ఉంది. లోపల ఒక రాతి ఫలకం మీద అంకెలు చెక్కి ఉన్నాయి. మూడు, ఒకటి, నాలుగు, ఒకటి, అయిదు... వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య, దశాంశం తరవాత 35 స్థానాల దాకా. అది లుడోల్ఫ్ ఫాన్ క్యోలెన్ సమాధి ఫలకం. అసలు రాయి ఎప్పుడో పోతే 2000 సంవత్సరంలో కొత్తది పెట్టారు. ఆ 35 స్థానాలూ చేత్తో లెక్కగట్టినవాడు ఆయన. వృత్తి ఏమిటనుకున్నారు? కత్తిసాము నేర్పడం! లెక్కలు కూడా చెప్పేవాడు. ఆయనకు లాటిన్ రాదు.

లైడెన్ విశ్వవిద్యాలయం 1575లో పుట్టింది. అక్కడ పాఠాలు లాటిన్‌లో. లాటిన్ రానివాడికి గడప లోపల స్థానం లేదు. ఆ సమయంలో హాలెండు స్పెయిన్‌తో యుద్ధంలో ఉంది. కోటలు కట్టేవాళ్లు కావాలి, కాలవలు కొలిచేవాళ్లు కావాలి. 1600లో సేనానాయకుడు మారిస్ రాకుమారుడు, స్టెవిన్ చేత ప్రణాళిక వేయించి, లైడెన్‌లోనే డచ్చి భాషలో గణితం చెప్పే ఇంజనీర్ల పాఠశాల ఒకటి పెట్టించాడు. అందులో మేష్టారుగా వేసింది ఈ కత్తిసాము లుడోల్ఫ్‌నే.

నా మిత్రుడు అక్కడే ఉన్న బెంచీ మీద చతికిలబడి, "ఇప్పుడు మా దేశంలో లుడోల్ఫ్ పుడితే ఎక్కడ పాఠం చెబుతాడు?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, నాకు లుడోల్ఫ్ కాదు, ఇంకొకడు గుర్తుకు వచ్చాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనొక నియమం పెట్టాను. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట దొర్లితే పది పైసలు జరిమానా. పోగయిన డబ్బుతో క్లాసుకు బొమ్మల పుస్తకాలు కొనేవాణ్ణి. మంచి పనేననుకునేవాణ్ణి. ఆ క్లాసులో ఒక కుర్రాడు ఏడాదంతా నోరు విప్పలేదు. మొద్దు అనుకున్నాను. ప్రోగ్రెసు కార్డులో అలాగే రాశాను కూడా. పాతికేళ్ల తరవాత బెజవాడ ఆటోనగర్‌లో లేతు మిషను దగ్గర కనిపించి, "మేష్టారూ!" అంటూ చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టాడు. పాడైపోయిన గేరుచక్రం ఒకటి చేతికిచ్చి, ఏ పన్ను ఎందుకరిగిందో, ఎంత లోతు కొయ్యాలో, లోహం ఎందుకు పగిలిందో అరగంట చెప్పాడు. అచ్చమైన తెలుగులో, నడుమ వాడికి కావలసిన ఇంగ్లీషు మాటలు కలుపుకుని. ఆ అరగంటా నేను విద్యార్థిని. ఆ రోజుల్లో మరి నోరెందుకు విప్పలేదురా అని అడిగాను. "పది పైసలుండేవి కాదండి," అన్నాడు.

ఈ సంగతి నా మిత్రుడితో చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. ఇందులో నాకు పెద్ద వంశమే ఉందని మాత్రం చెప్పాడు. మధ్యయుగాల్లో జర్మను విశ్వవిద్యాలయాలలో విద్యార్థులు తమలో తాము కూడా లాటిన్‌లోనే మాట్లాడాలని నియమం. ఎవరైనా పొరపాటున ఇంటి భాష మాట్లాడితే వెళ్లి చెప్పడానికి విద్యార్థుల్లోనే వేగులవాళ్లను పెట్టేవారు. వాళ్ల పేరు 'తోడేళ్లు'. 19వ శతాబ్దంలో వేల్స్ దేశపు బళ్లలో వెల్షు మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. మరొకడు మాట్లాడితే అది వాడి మెడకు మారేది. సాయంత్రం గంట కొట్టేవేళకు ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. పది పైసల తోడేలు నేనొక్కణ్ణే కాదన్నమాట.

* * *

తిరుగు ప్రయాణంలో మా వాదం రెండో అంకంలో పడింది. నేను ఇంగ్లీషు పక్షం పూర్తిగా వదులుకోలేదు. వదులుకునేవాణ్ణయితే మా అమ్మాయి ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం చేసేదే కాదు. 2023-24లో జర్మను విశ్వవిద్యాలయాలలో మన దేశపు విద్యార్థులు దాదాపు 49 వేలమంది. పరదేశీయుల్లో వాళ్లదే పెద్ద జట్టు. అందులో మన తెలుగు పిల్లలు కొల్లలు. ఇంగ్లీషులో పాఠం చెప్పే కోర్సులు లేకపోతే వీళ్లలో చాలామంది ఆ గడప తొక్కేవాళ్లు కారు. అయితే వాళ్లలో ఒకరిద్దరు మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు చెప్పిన మాట కూడా దాచకూడదు. డిగ్రీ ఇంగ్లీషులో వచ్చింది, ఉద్యోగం మాత్రం జర్మను అడుగుతున్నది. పెద్ద కంపెనీలకు ఫరవాలేదు. చిన్న ఊళ్లో, వందమంది పనిచేసే ఫ్యాక్టరీలో, మధ్యాన్నం టిఫిను బల్ల దగ్గర జర్మనే.

"మరి ఈ గొడవ మీ ప్రభుత్వాలకు ముందే తెలియదా?" అన్నాను.

తెలుసునట. హాలెండు విశ్వవిద్యాలయాలలో లాటిన్ అధికారం 1876 చట్టంతో గాని పోలేదు. సరిగా 114 ఏళ్లు గడిచాయో లేదో, 1990లో విద్యామంత్రి యో రిట్సెన్, విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషులో చెబితే ఎలా ఉంటుందని సూచన చేశాడు. దేశం భగ్గుమంది. బోధన డచ్చిలోనే జరగాలని, తప్పనిసరి అయినచోట మినహాయింపులుంటాయని చట్టంలో రాసుకున్నారు. ఇక చూడండి, ఆ మినహాయింపుల సందులోంచి ఏనుగు నడిచి వచ్చింది. 2018లో ఒక విద్యాసంఘం వాళ్లు రెండు విశ్వవిద్యాలయాలలో మనస్తత్వశాస్త్రం ఇంగ్లీషులో చెప్పడం మీద దావా వేసి ఓడిపోయారు. నా మిత్రుడి మనమరాలు చదివేది కూడా ఆ శాస్త్రమేనట. "మా పిల్ల రోగిని పరీక్షించేది ఇంగ్లీషులో నేర్చుకుంటుంది. రోగి ఏడ్చేది డచ్చిలో ఏడుస్తాడు," అన్నాడాయన. 2023లో అప్పటి విద్యామంత్రి మళ్లీ ఒక బిల్లు తయారుచేశాడు. బి.ఏ. స్థాయి చదువుల్లో ఎక్కువభాగం డచ్చిలో ఉండాలి, మరో భాషలో చెప్పాలంటే అనుమతి తీసుకోవాలి అని. ఇందులో భాషాభిమానం ఎంతో, ఊళ్లలో విద్యార్థులకు అద్దెగదులు దొరక్కపోవడం ఎంతో తేల్చి చెప్పడం కష్టమని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అన్నిటికన్నా రంజుగా నడిచింది ఇటలీలో. మిలాన్ పాలిటెక్నిక్ అని పేరుమోసిన ఇంజనీరింగు విశ్వవిద్యాలయం. 2014 నుంచి పై చదువులన్నీ, పరిశోధనతో సహా, పూర్తిగా ఇంగ్లీషులోనే అని 2012లో తీర్మానించింది. ఆ విశ్వవిద్యాలయపు అధ్యాపకులే వందమంది దాకా కోర్టుకెక్కారు. 2013లో కింది కోర్టు వారి పక్షాన చెప్పింది. వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2017లో అక్కడ వచ్చిన తీర్పును నేను రెండుసార్లు చదివించుకున్నాను. కొన్ని పాఠాలు ఇంగ్లీషులో చెబితే తప్పు లేదు, ఇటాలియను కోర్సుతోపాటు ఇంగ్లీషు కోర్సు పెట్టినా తప్పు లేదు, కాని ఒక చదువును మొత్తంగా ఇటాలియను భాషకు అందకుండా చెయ్యడానికి వీల్లేదు అని దాని సారాంశం. అలా చేస్తే ఇంగ్లీషు రాని విద్యార్థికి చదువు హక్కూ, అధ్యాపకుడికి బోధనలో స్వేచ్ఛా పోతాయన్నారు. 2018లో ఆ వ్యాజ్యం ముగిసింది. 2019 నవంబరులో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బళ్లన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ ఉత్తర్వు ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేయడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మిలాన్ గాలీ మన గాలీ ఎక్కడో కలిసినట్టున్నాయి.

ఫ్రెంచివాళ్ల పద్ధతి వేరు. వాళ్లు 1994లోనే బోధన ఫ్రెంచిలో జరగాలని చట్టం చేశారు. 2013లో దాన్ని కాస్త వదులు చెయ్యబోతే పండితులు పత్రికలకెక్కారు. ఆ మే నెలలో లిబెరాసియోన్ అనే పారిస్ దినపత్రిక మొదటి పేజీని ఇంగ్లీషులో వేసి అందరినీ ఉడికించింది. వదులు చెయ్యనూ చేశారు. స్వీడను వాళ్లు 2009లో, దేశానికి ముఖ్యభాష స్వీడిషేనని చట్టం చేసుకోవలసి వచ్చింది. ఇంటి యజమాని తలుపుకు తన పేరు కొత్తగా రాసుకున్నాడంటే ఏదో అనుమానం తగిలిందనే గదా. అక్కడి పండితుల దిగులు ఏమిటంటే, భాష చచ్చిపోతుందని కాదు. ఇంట్లో, అంగట్లో, పాటల్లో బతికే ఉంటుంది. కాని అణువు గురించో, జబ్బు గురించో కొత్త సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు దానికి మాటలుండవు. ఒక్కొక్క గదీ తాళం పడిపోయి, చివరకు వంటిల్లూ వసారా మిగులుతాయి.

ఈ భయం వట్టి భయమేనా అంటే, ఐర్లండును చూడమంటాను. 1831లో అక్కడ ప్రభుత్వం బళ్లు పెట్టింది, చదువు ఇంగ్లీషులో. కరువూ, వలసలూ తోడయ్యాయి. 1851 జనాభా లెక్కలనాటికి ఐరిషు మాట్లాడేవారు నాలుగోవంతు మాత్రమే తేలారు. తల్లిదండ్రులు కూడా పిల్లల మేలుకోరే ఇంగ్లీషు కావాలన్నారు. ఇక్కడే నా వాదం తడబడింది. ఎందుకంటే నా దగ్గరికి వచ్చి, "మావాడికి ఇంగ్లీషు వస్తే చాలు మేష్టారూ," అన్న తండ్రులు వందమంది. వాళ్లు మూర్ఖులని అనలేను.

లైడెన్ నుంచి ఇంటికి వచ్చాక లుడోల్ఫ్ గురించి అల్లుడి చేత ఇంకా కొంత వెతికించాను. నాకు దొరికిన మంచి సంగతి ఇది. డచ్చిలో రాసిన లుడోల్ఫ్ పుస్తకాలు హాలెండు దాటి ఎలా వెళ్లాయి? విల్లెబ్రోర్డ్ స్నెలియస్ అనే ఆయన వాటిని లాటిన్‌లోకి తర్జుమా చేశాడు. స్టెవిన్‌నూ చేశాడు. ఈ స్నెలియస్ మన ఫిజిక్సు పుస్తకాల్లోని స్నెల్ సూత్రం స్నెల్లే. కాంతి గాలిలోంచి నీళ్లలోకి దిగేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పినవాడు, భావం డచ్చిలోంచి లాటిన్‌లోకి దిగేటప్పుడు వంగిపోకుండా చూశాడన్నమాట. గట్టు కట్టేవాడికి డచ్చి, ప్రపంచానికి లాటిన్, నడుమ ఒక దుబాసీ. మా బందరు రేవులో మూడు పేటలమధ్యా తిరిగినవాడి వంటివాడే.

ఇంగ్లీషు కూడా ఒకప్పుడు ఈ వరసలో వెనక నిలబడ్డదే. న్యూటన్ 1687లో తన మహాగ్రంథం లాటిన్‌లోనే రాశాడు. 1704లో కాంతిని గురించిన పుస్తకం మాత్రం ఇంగ్లీషులో అచ్చువేశాడు. అదే 1687లో లైప్‌జిగ్‌లో తొమాసియస్ అనే ఆచార్యుడు, నేను జర్మనులో పాఠం చెబుతానని ప్రకటిస్తే తోటి ఆచార్యులు ముక్కుమీద వేలేసుకున్నారు. యూరపువాళ్లు ఉమ్మడి చదువుల భాషను ఎరగనివాళ్లు కారు; ఏడెనిమిది వందల ఏళ్లు దానితో కాపరం చేసి, ఇంటి భాషకు వచ్చినవాళ్లు.

1953లో లగ్జెంబర్గ్‌లో మరొక దారి కూడా తొక్కి చూశారు. బొగ్గు ఉక్కు సంఘం కొలువులోకి ఆరు దేశాల ఉద్యోగులు వచ్చి చేరారు. వాళ్ల పిల్లల కోసం యూరపు పాఠశాల అని ఒకటి పెట్టారు. అచ్చం మా అమ్మాయి సమస్యే! కాని అందరికీ ఒకే భాష పెట్టలేదు. ఎవరి విభాగంలో వాళ్లు సొంత భాషలో చదువుతారు. రెండో భాష మొదటి తరగతి నుంచే మొదలవుతుంది. పై తరగతుల్లో చరిత్ర, భూగోళం వంటివి ఆ రెండో భాషలో, అన్ని విభాగాల పిల్లలూ కలిసి కూచుని చదువుతారు. ఖర్చు జాస్తి. ఊరూరా పెట్టడం ప్రభుత్వాల తరం కాదు. అయినా ఉమ్మడి భాష కావాలంటే ఇంటి భాషను అటక ఎక్కించనక్కరలేదని ఆ బడి చూపించింది.

* * *

నా తీర్పు నేనే తిరగరాసుకున్నది మాత్రం ఈ గ్రంథాలవల్ల కాదు. ఒక సాయంత్రం మనవణ్ణి వీధి చివర ఆటస్థలానికి తీసుకువెళ్లాను. అయిదారుగురు పిల్లలు బంతి ఆడుతున్నారు. వీడు వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఒక పిల్ల వచ్చి ఏదో అడిగింది. వీడు తన బెంగుళూరు ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. ఆ పిల్లకు అర్థం కాలేదు. నూటికి 90 మంది అన్న లెక్క పెద్దవాళ్లది. ఆరేళ్లవాళ్లు ఆ లెక్కలోకి రారు. ఆ పిల్ల భుజాలెగరేసి వెళ్లిపోయింది. వీడు కాసేపు చూసి, వచ్చి నా పక్కన బల్లమీద కూచుని, బూటు తాడు విప్పుకుంటూ మళ్లీ కట్టుకుంటూ గడిపాడు. ఒక్క మాట లేదు. నాకు లేతు మిషను గుర్తుకు వచ్చింది.

ఆ రాత్రి అమ్మాయితో చెప్పాను. ఒప్పుకుందా? ఒప్పుకోలేదు. "నీ తీర్పు నువ్వే మారిస్తే ఎలా నాన్నా? రేపు జర్మనీ వెళితే?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, అల్లుడి దగ్గరా లేదు. చివరకు ఒక ఏడాది చూద్దామన్నారు. డచ్చి రాని పిల్లలకు ముందు భాష నేర్పే ప్రత్యేక తరగతి ఉంది. అందులో వేశారు. తెలుగు నాతో, ఇంగ్లీషు వాళ్లమ్మతో.

నేను బందరు వచ్చేసి ఇప్పుడు వారానికోసారి ఫోనులో వాణ్ణి చూస్తాను. స్నేహితులు నలుగురు దొరికారు. బంతి పగిలింది, కిటికీ ఒకటి పగిలింది. లెక్కల్లో మాత్రం తిరకాసు వచ్చిపడింది. డచ్చిలో ఇరవైనాలుగును 'నాలుగూ ఇరవై' అంటారు. మేష్టారమ్మ 24 చెబితే వీడు 42 రాస్తున్నాడు. అమ్మాయి బెంగపెట్టుకుంది. జర్మనులో కూడా అంకెలు అలాగే తిరగేసి చెబుతారు, కాబట్టి అక్కడికి వెళ్లినా పనికివస్తుందని ధైర్యం చెప్పాను. ఫ్రాన్సులో తొంభైని 'నాలుగిరవైలూ పది' అంటారన్న సంగతి ఇంకా చెప్పలేదు.